దేశానికి కావాలి సరే, ఊరిని అడిగారా?

(పదకొండవ తరగతి విద్యార్థిని వ్యాసం)

దేశమంతటికీ అవసరమైన ఒక వస్తువు ఒక ఊరి నేల కింద ఉందనుకుందాం. ఆ ఊరివాళ్ళు దాన్ని ఇచ్చి తీరాలా? "మా నేల, మేము ఇవ్వం" అనే హక్కు వాళ్ళకు ఉందా? వినడానికి ఇది నీతి పాఠం చివర ఇచ్చే ప్రశ్నలాగా ఉంటుంది. కానీ మన ధర్మపురి జిల్లా ముందు ఇప్పటికే నిలబడి ఉన్న ప్రశ్న ఇది. అందుకే దీని గురించి రాయాలనుకున్నాను.

మన జిల్లాలోని హరూరు నుంచి పక్కన కృష్ణగిరి జిల్లాలోని ఊత్తంగరై వైపు సాగే రాళ్ళలో మాలిబ్డినం అనే లోహం ఉంది. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ వాళ్ళు ఎన్నో ఏళ్ళుగా అక్కడ రాళ్ళు పరీక్షించి చెప్పిన సంగతి ఇది. రసాయన శాస్త్రం పట్టికలో 42వ నంబరు దగ్గర ఈ పేరు చూసి, పలకడం కష్టమని మనం పక్కకు పోతాం. కానీ దాని పని చాలా పెద్దది. ఉక్కులో కొంచెం కలిపితే చాలు, ఆ ఉక్కు గట్టిపడుతుంది, బాగా కాలినా తొందరగా మెత్తబడదు, తుప్పుకు కూడా ఓర్చుకుంటుంది. చమురు పైపులకు, విద్యుత్ కేంద్రాల బాయిలర్లకు, విమానాల ఇంజిన్లకు ఇలాంటి ఉక్కే కావాలి. ఇంకో విచిత్రం కూడా ఉంది. మన చేలల్లో సెనక్కాయ చెట్టు వేళ్ళకు చిన్న చిన్న బుడిపెలు ఉంటాయి కదా, వాటిలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని చెట్టుకు ఎరువుగా మార్చాలంటే రవ్వంత మాలిబ్డినం ఉండాలి. అంటే ఇది రైతుకూ కావాలి, రాకెట్టుకూ కావాలి.

అంత అవసరమైనది మన దేశం దాదాపు పూర్తిగా బయటి నుంచే కొనుక్కుంటోంది.

2023 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం 30 ఖనిజాల జాబితా ఒకటి విడుదల చేసింది. దేశ ఆర్థిక వ్యవస్థకు, రక్షణకు తప్పనిసరిగా కావలసినవి, కానీ దొరకకుండా పోయే ప్రమాదం ఉన్నవి అని వీటిని కీలక ఖనిజాలు అన్నారు. లిథియం, కోబాల్ట్, గ్రాఫైట్, టంగ్‌స్టన్‌లతో పాటు మన మాలిబ్డినం కూడా అందులో ఉంది. అదే సంవత్సరం ఆగస్టులో 1957 నాటి గనులు, ఖనిజాల చట్టాన్ని పార్లమెంటు సవరించింది. ఈ సవరణతో 24 కీలక ఖనిజాల గనులను వేలం వేసే అధికారం కేంద్రానికి వెళ్ళింది. వేలంలో వచ్చే డబ్బు, రాయల్టీ మాత్రం రాష్ట్రానికే చెందుతాయి. 2023 నవంబర్ 29న మొదటి విడతగా 20 బ్లాకులు వేలానికి పెట్టారు. ఆ జాబితాలో వేలంపట్టి, నొచ్చిపట్టి అనే మాలిబ్డినం బ్లాకుల పేర్లు ఉన్నాయి. ఆ విడతలో చాలా బ్లాకులకు సరిపడా పోటీదారులు రాక వేలం రద్దయింది. కాబట్టి ఇవాళ్టికి మన దగ్గర ఆ గని లేదు. కానీ ప్రశ్న మాత్రం పోలేదు. 2025 జనవరిలో కేంద్రం 16,300 కోట్ల రూపాయలతో జాతీయ కీలక ఖనిజ మిషన్‌ను ఆమోదించింది. ఇవాళ కాకపోతే రేపు మళ్ళీ అడుగుతారు.

ఎందుకింత తొందర?

దీనికి జవాబు నాకు పుస్తకంలో కంటే ముందు మా ఇంట్లోనే దొరికింది. మా చిన్నాయన హోసూరు దగ్గర ఒక విడిభాగాల కంపెనీలో పనిచేస్తాడు. హోసూరులోనూ, కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలోనూ విద్యుత్ స్కూటర్లు తయారుచేసే పెద్ద ఫ్యాక్టరీలు ఉన్నాయని మనకందరికీ తెలుసు. మన ధర్మపురి పిల్లలు ఎంతోమంది ఐటీఐ, డిప్లొమా చదివి ఆ వైపే పనికి పోతారు. ఆ స్కూటర్ల మోటార్లలో అరుదైన మృత్తికలనే లోహాలతో చేసిన అయస్కాంతాలు ఉంటాయి. ప్రపంచంలో అలాంటి అయస్కాంతాలలో దాదాపు పదింట తొమ్మిది వంతులు చైనాలోనే తయారవుతాయి. 2025 ఫిబ్రవరి 4న చైనా టంగ్‌స్టన్, మాలిబ్డినం సహా ఐదు లోహాలకు చెందిన సరుకుల ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. రెండు నెలలకు, ఏప్రిల్ 4న, ఏడు అరుదైన మృత్తికల మీదా వాటితో చేసే అయస్కాంతాల మీదా ఆంక్షలు పెట్టింది. ఆ తర్వాత కొన్ని నెలలు మన దేశంలో వాహనాలు తయారుచేసే కంపెనీలు అయస్కాంతాల కోసం ఎదురుచూశాయి.

మా చిన్నాయన ఒక మాట చెప్పినాడు: "ఆ అయస్కాంతం గుప్పెట్లో పడతాది పాపా. అది రాకపోతే బండి మొత్తం బొమ్మే. బండి నిలబడితే మా షిఫ్టు కూడా నిలబడతాది."

దేశం ఇంకొకరి మీద ఆధారపడితే ఏమవుతుందో ఈ మాటతో నాకు బాగా అర్థమైంది. వేరే దేశం ఒక కాగితం మీద సంతకం పెడితే, ఇక్కడ హోసూరు బస్సు ఎక్కే మనిషి జీతం తగ్గుతుంది. కాబట్టి "ఈ చట్టాలు ఎందుకు, ఎప్పటిలాగే కొనుక్కుంటే పోదా?" అనేవాళ్ళతో నేను ఒప్పుకోను. మన కాళ్ళ మీద మనం నిలబడాలనుకోవడం తప్పేమీ కాదు. 2025 నవంబర్‌లో కేంద్రం అయస్కాంతాల తయారీ కోసం 7,280 కోట్ల పథకాన్ని ఆమోదించింది. విశాఖపట్నంలో ఇలాంటి అయస్కాంతాలు చేసే ఒక చిన్న ప్లాంటును 2023 మే నెలలోనే జాతికి అంకితం చేశారు. ఇవి మంచి పనులే.

అవ్వ అడిగిన ప్రశ్న

కానీ మా ఇంట్లో ఇంకో మనిషి కూడా ఉంది. మా అవ్వ పుట్టింటివాళ్ళది హరూరు వైపు ఊరు. అక్కడ వాళ్ళకు మెట్ట చేను ఉంది. వాన పడితే సెనక్కాయలు, రాగులు వేస్తారు, గట్టు మీద చింతచెట్లు ఉన్నాయి. మాలిబ్డినం సంగతి, దేశానికి అది ఎంత అవసరమో నేను గొప్పగా చెబుతుంటే అవ్వ అంతా విని ఒకటే అడిగింది: "ఎంత లోతుకు తవ్వుతారంట? బావిలో నీళ్ళు ఏమైతాయి?"

నా దగ్గర జవాబు లేదు. తర్వాత మా సైన్స్ సారును అడిగి, చదివి తెలుసుకున్నాను. ప్రపంచంలో మాలిబ్డినం గనుల్లో సాధారణంగా ఒక టన్ను రాయి నుంచి దొరికేది ఒకటి రెండు కిలోలు, చాలాచోట్ల అంతకంటే తక్కువ. అంటే వెయ్యి కిలోల రాయిని పిండిలాగా చేసి, నీళ్ళలో కలిపి, నురగలో తేలిన లోహపు పొడిని తీసుకుంటారు. మిగిలిన పిండి అంతా ఎక్కడో ఒకచోట కట్ట కట్టి నిలవ చేయాలి. ఆ కట్ట గట్టిగా ఉండాలి, దానిలోని నీళ్ళు నేలలోకి ఇంకకూడదు, గని మూసేసిన తర్వాత కూడా ఎవరో ఒకరు దాన్ని చూసుకుంటూ ఉండాలి. గని నడిచేది కొన్ని దశాబ్దాలు, కానీ ఆ గుట్ట ఎప్పటికీ అక్కడే ఉంటుంది.

నేల లోపల ఉన్నది నీళ్ళలోకి వస్తే ఎలా ఉంటుందో మన జిల్లాకు ఇంకొకరు చెప్పనక్కరలేదు. మన బోరు నీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువ. పళ్ళ మీద గోధుమ రంగు మచ్చలు, వంగిపోయిన కాళ్ళు, మోకాళ్ళ నొప్పులు మన పెద్దవాళ్ళలో చూస్తూనే ఉన్నాం. ఆ ఫ్లోరైడ్‌ను ఎవరూ తెచ్చి పోయలేదు, రాళ్ళలో సహజంగా ఉన్నదే. దాని నుంచి తప్పించుకోవడానికి హొగేనక్కల్ నుంచి కావేరి నీళ్ళు పైపుల్లో తెచ్చే పెద్ద పథకం కట్టారు. జపాన్ అప్పుతో కట్టిన ఆ పథకం 2013లో మొదలైంది. ఒకసారి నీళ్ళు చెడితే బాగుచేసుకోవడానికి ఒక తరం పడుతుందని మనం అనుభవంతో నేర్చుకున్నాం. అందుకని అవ్వ ప్రశ్నను "చదువురాని భయం" అని తీసేయడానికి వీల్లేదు. ఆ ప్రశ్న ఇంజనీరు కూడా అడగాల్సిందే.

రెండు సులువైన జవాబులు

ఈ విషయం మీద తరగతిలో చర్చ పెట్టినప్పుడు రెండు జవాబులు తొందరగా వచ్చాయి. రెండిటికీ చప్పట్లు బాగా పడ్డాయి. నాకు రెండూ చాలవనిపించింది.

మొదటి జవాబు: "దేశం కోసం ఒక ఊరు త్యాగం చేయాలి." ఇది వినడానికి గొప్పగా ఉంటుంది. అయితే త్యాగం అనే మాటను మనం జాగ్రత్తగా వాడాలి. మన ఊరికి పాత పేరు తగడూరు. దాన్ని ఏలిన అదియమాన్ కథ తమిళ తరగతిలో అందరం చదివాం. ఆయుష్షు పెంచే అరుదైన ఉసిరికాయ ఒకటి ఆయనకు దొరికింది. దాన్ని తాను తినకుండా ఔవైయార్‌కు ఇచ్చాడు. తాను బతకడం కంటే ఆమె బతికితే లోకానికి ఎక్కువ మేలు అనుకున్నాడు. ఆ కథ ఇన్ని వందల ఏళ్ళు ఎందుకు నిలిచింది? ఇచ్చినది తనదే కాబట్టి. అదే అదియమాన్ ఒక పేదవాడి చేతిలోని కాయను భటులతో లాక్కుని ఔవైయార్‌కు ఇచ్చి ఉంటే, కాయ అదే, తిన్న మనిషీ అదే, లోకానికి జరిగిన మేలూ అదే. కానీ దాన్ని ఎవరూ త్యాగం అనరు. తన దాన్ని తాను మనసారా ఇస్తేనే త్యాగం. ఇంకొకరిది తీసి ఇచ్చి, వాళ్ళు త్యాగం చేశారని పొగడడం న్యాయం కాదు.

రెండో జవాబు: "మా ఊళ్ళో మాత్రం వద్దు." దీన్ని కూడా పూర్తిగా ఒప్పుకోలేను. ఎందుకంటే మనం వద్దన్నంత మాత్రాన ఆ లోహం వాడకం ఆగదు. అది ఇంకో కొండ నుంచి వస్తుంది. ప్రపంచంలో కోబాల్ట్ ఎక్కువ భాగం కాంగో దేశం నుంచే వస్తుంది. అక్కడ కొన్ని గుంటల్లో మన వయసు కంటే చిన్న పిల్లలు కూడా రాళ్ళు ఏరుతున్నారని ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్ 2016లో నివేదిక ఇచ్చింది. మయన్మార్‌లోని కచిన్ రాష్ట్రంలో అరుదైన మృత్తికల కోసం కొండల్లోకి రసాయనాలు పోసి వాగులు పాడుచేస్తున్నారు. ఆ సరుకు చైనాకు పోతుంది, అక్కడి నుంచి వస్తువులుగా మారి లోకమంతా వస్తుంది. మన చేతిలోని ఫోనుకు ఎవరిదో ఒక కొండ ఇప్పటికే ఇచ్చేసి ఉంది. దూరంగా ఉండడం వల్ల మనకు కనబడలేదు, అంతే. మన అవ్వ బావి ముఖ్యమైతే, కచిన్‌లో ఉన్న అవ్వ వాగు కూడా ముఖ్యమే కదా.

అరిట్టాపట్టి నేర్పిన పాఠం

మన రాష్ట్రంలోనే ఈ ప్రశ్న ఒకసారి బయటపడింది. మదురై జిల్లా మేలూరు దగ్గర అరిట్టాపట్టి అనే ఊరు ఉంది. కొండలు, చెరువులు, పాత జైన పడకలు, రాతిలో తొలిచిన శివాలయం ఉన్న చోటు అది. 2022 నవంబర్‌లో తమిళనాడు ప్రభుత్వం దాన్ని రాష్ట్రంలో మొట్టమొదటి జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించింది. 2024 నవంబర్‌లో అదే ప్రాంతాన్ని కలుపుకుని రెండు వేల హెక్టార్లకు పైగా ఉన్న నాయక్కర్‌పట్టి టంగ్‌స్టన్ బ్లాకును కేంద్రం వేలంలో ఒక కంపెనీకి ఖాయం చేసింది. టంగ్‌స్టన్ కూడా కీలక ఖనిజమే. ఊళ్ళవాళ్ళు లేచారు. డిసెంబర్ 9న శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. 2025 జనవరి 7న మేలూరు వైపు నుంచి వేలమంది మదురైకి నడిచి వచ్చారు. జనవరి 23న కేంద్రం ఆ వేలాన్ని రద్దు చేసింది.

దీన్ని కొందరు గెలుపు అన్నారు, కొందరు దేశానికి నష్టం అన్నారు. నాకు అనిపించింది వేరు. వేలం ముందు చెప్పలేదని ఒక ప్రభుత్వం, చెప్పినప్పుడు వద్దనలేదని ఇంకో ప్రభుత్వం ఒకరినొకరు తప్పు పట్టుకున్నారు. ఆ వాదన అంతటిలో ఊరివాళ్ళను ఎవరు, ఎప్పుడు అడిగారు అనే మాట చాలా వెనక్కి పోయింది. ముందే పంచాయతీలో కూర్చుని అడిగి ఉంటే అంతమంది రోడ్డు మీద నడవాల్సిన పని ఉండేది కాదు.

అయితే ఆ తర్వాత దారి ఇంకా ఇరుకైంది. 2006 నాటి పర్యావరణ నిబంధనల ప్రకారం పెద్ద గనులకు అనుమతి ఇచ్చే ముందు ప్రజాభిప్రాయ సేకరణ జరపాలి. 2025 సెప్టెంబర్ 8న కేంద్ర పర్యావరణ శాఖ ఒక ఉత్తర్వు ఇచ్చి, అణు ఖనిజాల, కీలక ఖనిజాల గనులకు ఆ ప్రజాభిప్రాయ సేకరణ అక్కరలేదంది. దేశ రక్షణకు అత్యవసరం, ఆలస్యం కాకూడదు అన్నది కారణం. దాన్ని వెనక్కి తీసుకోవాలని మన ముఖ్యమంత్రి ప్రధానికి లేఖ రాశారు. ఆలస్యం వల్ల నష్టం ఉందని నేనూ ఒప్పుకుంటాను, మా చిన్నాయన షిఫ్టు నాకు గుర్తుంది. కానీ ఏ పని వల్ల ఊరికి ఎక్కువ ప్రమాదమో, ఆ పనికే ఊరిని అడగక్కరలేదు అనడం నాకు న్యాయంగా తోచడం లేదు.

"డబ్బు ఇస్తున్నారు కదా" అంటారు. నిజమే. 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి అని ఉంది. వేలంలో ఇచ్చిన గనులైతే రాయల్టీలో పది శాతానికి సమానమైన డబ్బు ఆ జిల్లా ప్రజల కోసం జమ చేయాలి. అది మంచి ఏర్పాటు. కానీ ముందు అడగడం వేరు, తర్వాత డబ్బివ్వడం వేరు. మన ఇంటి గోడ పగలగొట్టి, తర్వాత వచ్చి సిమెంటు డబ్బు ఇస్తే మనం ఊరుకుంటామా?

నాకు న్యాయం అనిపించేది

మొదట, అడగాలి. అడిగేటప్పుడు నిజం చెప్పాలి. ఎంత లోతు, ఎన్ని నీళ్ళు, ఆ పిండి గుట్ట ఎక్కడ, గని మూసిన తర్వాత ఎవరిది బాధ్యత, ఇవన్నీ ఊరివాళ్ళ భాషలో చెప్పాలి. వందల పేజీల ఇంగ్లీషు నివేదిక కలెక్టరేట్‌లో పెట్టి "చదువుకోండి" అంటే అది అడిగినట్టు కాదు. అరిట్టాపట్టిలాంటి చోట ఊరు వద్దంటే, ఆ వద్దు అనే మాటకు విలువ ఉండాలి. వద్దనే వీలు లేని చోట సరే అన్న మాటకు అర్థం లేదు.

రెండోది, కొత్త గుంట తవ్వే ముందు ఇంట్లో ఉన్నది చూడాలి. మా తరగతిలో అడిగితే, చెడిపోయిన ఫోను ఇంట్లో లేదని చెప్పినవాళ్ళు ఒక్కరూ లేరు. బీరువాలో, టీవీ కింద డ్రాయర్లో, పాత డబ్బాల్లో లిథియం, కోబాల్ట్, రాగి పడి ఉన్నాయి. 2025 సెప్టెంబర్‌లో కేంద్రం ఇలాంటి వాటి నుంచి కీలక ఖనిజాలు తిరిగి తీసే పనికి 1,500 కోట్ల పథకం పెట్టింది. యూరప్ దేశాల కూటమి 2024లో చేసిన చట్టం, 2030 నాటికి తమ వాడకంలో 25 శాతానికి సరిపడే సామర్థ్యం పాత వస్తువుల నుంచే రావాలని లక్ష్యం పెట్టుకుంది. మన చట్టంలో కూడా అలాంటి అంకె ఒకటి ఉంటే బాగుంటుంది.

మూడోది మన వంతు. ఊరు వద్దనడానికి హక్కు ఉందని నేను అంటున్నాను కదా, ఆ హక్కుతో ఒక బాధ్యత కూడా వస్తుంది. కొండ వద్దు అని బ్యానరు పట్టుకుని, ఏడాదికో కొత్త ఫోను కావాలని ఇంట్లో అలిగితే ఆ రెండూ కలవవు. ఉన్న వస్తువును బాగుచేయించుకుని ఇంకో రెండేళ్ళు వాడడం కూడా ఒక కొండను కాపాడడమే.

"అందరూ వద్దంటే దేశం ఏం కావాలి?" అని మా చిన్నాయన అడిగినాడు. కష్టమైన ప్రశ్నే. నా జవాబు ఇది: నిజం చెప్పి, నష్టం తగ్గించి, లాభంలో భాగం ఇచ్చి అడిగితే అన్ని ఊళ్ళూ వద్దనవు. ఈ దేశం మీద ప్రేమ పల్లెల్లో తక్కువేమీ కాదు. మన పల్లెల నుంచి సైన్యంలోకి పోయినవాళ్ళను చూస్తే చాలు. వాళ్ళను ఎవరూ బలవంతంగా తీసుకుపోలేదు, అడిగితే వెళ్ళారు.

ఈ మాట మన బడిలో కూర్చుని రాస్తున్నప్పుడు నాకు ఇంకొకటి తోచింది. తమిళనాడులో మనం తెలుగు మాట్లాడే కొద్దిమందిమి. ఎక్కువమందికి సులువు అనే ఒక్క లెక్క చూస్తే తెలుగు మాధ్యమంలో ఒక బడి ఇక్కడ ఉండనక్కరలేదు. అయినా మన రాజ్యాంగం 30వ అధికరణంలో అల్పసంఖ్యాకులు తమ బడులు తాము పెట్టుకోవచ్చని రాసింది. ఎక్కువమంది అవసరం ఎంత పెద్దదైనా, కొద్దిమంది మాట వినకుండా తోసేయకూడదని దాని అర్థం. భాష విషయంలో మనకు ఆ న్యాయం కావాలంటే, నేల విషయంలో హరూరు పల్లెకూ అదే న్యాయం ఉండాలి. వాళ్ళు ఏ భాష మాట్లాడినా సరే.

మన పంచాయతీల్లో జనవరి 26న, మే 1న, ఆగస్టు 15న, అక్టోబర్ 2న గ్రామసభలు జరుగుతాయి. చాలా ఇళ్ళ నుంచి ఎవరూ పోరు. అమ్మానాన్నలారా, ఈసారి పోండి, మమ్మల్ని కూడా వెంట తీసుకుపోండి. మాకు ఓటు ఇంకా రాలేదు, కానీ వెనక వరసలో కూర్చుని వినడానికి ఓటు అక్కరలేదు. అడగనివాళ్ళను ఎలా అడిగించుకోవాలో నేర్చుకోవాలంటే, ముందు మనల్ని అడిగే చోట మనం ఉండాలి.